ఊరందరికీ వినిపించిన ఏడో పేజీ

ఆ రోజుల్లో నాకెంత నోరుండేదో తలుచుకుంటే ఇప్పుడు నాకే ఆశ్చర్యంగా ఉంటుంది. మందుల కంపెనీలో కొత్తగా రిప్రజెంటేటివ్‌గా చేరాను. కాపురం విజయవాడలో, వారంలో ఒకరోజు పామర్రు, ఒకరోజు చల్లపల్లి తిరగాలి. రోహిణి కార్తెలో కూడా మెడకి టై, కాళ్ళకి బూట్లు, గాలి చొరబడని బిగుతు ప్యాంటు, బైకు మీద గంటలకి గంటలు ప్రయాణం. కంపెనీ నాకు అప్పజెప్పింది ఫంగస్ మందు. మామూలు మాటలో చెప్పాలంటే గజ్జల్లో వచ్చే తామర మందు. (పరాయివాళ్ళ గజ్జల గురించి, టై కట్టుకుని, అంత ధారాళంగా మాట్లాడనిచ్చే ఉద్యోగం ఇంకోటి ఉందనుకోను.) డాక్టరుగారి ఎదురుగా కూర్చుని, రంగురంగుల బొమ్మల పుస్తకాన్ని ఆయన వైపు తిప్పి పట్టుకుని, వెనకనుంచి చూడకుండా అప్పజెప్పాలి. అందులో ఏడో పేజీ అంటే నాకు ప్రాణం. భార్యాభర్తల్లో ఒకరికి వస్తే రెండోవారిని కూడా చూడాలి, ఉంటే ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి, తువ్వాళ్ళు వేరు చెయ్యాలి, తగ్గినట్టు కనపడగానే ఆపెయ్యకూడదు, అన్నిటికన్నా ముందు సిగ్గుపడకుండా ఒకరికొకరు చెప్పుకోవాలి. ఆఖరి మాట దగ్గర గొంతు కాస్త తగ్గించి, కళ్ళు సగం మూసి చెప్పేవాణ్ణి. మా మేనేజరు ఆ విరుపుని మెచ్చుకుని మీటింగులో అందరి చేతా చప్పట్లు కొట్టించాడు.

పెళ్లయిన రెండో నెలలో ఆ పేజీ నాకే వచ్చింది. అది వచ్చిన తోవ కూడా చెప్పాలి. మా ఆవిడ వాళ్ళది చేనేత బట్టల వ్యాపారం. సారెతో పాటు రెండు డజన్ల తువ్వాళ్ళు పంపించారు, ఒక్కొక్కటీ దుప్పటంత. కాపురం పెట్టించడానికి వచ్చిన మా అమ్మ వాటిని చూసి మురిసిపోయి, చుట్టాలకి బట్టలు పెట్టడానికి పనికొస్తాయని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని ఊరెళ్ళిపోయింది. బయట మిగిలింది ఒక్క తువ్వాలు. కొత్త దంపతులం, ఒకే తువ్వాలు వాడుకోవడంలో ఏదో సరసం కూడా ఉందనుకున్నాం. మిగతాది నా ప్యాంటూ, బెజవాడ ఎండా చూసుకున్నాయి.

పోనీ, మందు నా సంచిలోనే ఉంది కదా అంటారు. రాసుకున్నాను. పది రోజుల్లో తగ్గింది, ఆపేశాను. (ఆపకూడదని ఊరందరికీ చెప్పేవాణ్ణి నేనే.) మళ్ళీ వచ్చింది. ఎవరికైనా చూపించుకుందామంటే విజయవాడ నుంచి చల్లపల్లి దాకా నన్ను ఎరగని డాక్టరు లేడు. అందుకని నా ఏరియాలో లేని మైలవరం వెళ్ళి, దొంగపేరు రాయించుకుని, ఒక పెద్ద డాక్టరుగారి ముందు కూర్చున్నాను. ఆయన చూసి, పెళ్లయిందా అని అడిగారు. లేదండి అన్నాను. ఆయన నా వేలికి తళతళలాడుతున్న కొత్త ఉంగరాన్ని కాసేపు చూసి, అయితే పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి రండి అని చీటీ చింపి ఇచ్చారు. అందులో రాసింది నా మందే. అంత దూరం పోయి నా సరుకే కొనుక్కొచ్చుకున్నాను.

ఇంట్లో మాత్రం నోరు పెగల్లేదు. అప్పుడప్పుడూ టూర్లలో లాడ్జీలో పడుకునేవాణ్ణి కదా, ఈ సంగతి తెలిస్తే ఆవిడ ఏమనుకుంటుందో అని భయం. నడుం నొప్పి అని చెప్పి హాల్లో చాప వేసుకున్నాను. ఆవిడ మొదట వేన్నీళ్ళు కాచి ఇచ్చింది, తర్వాత నొప్పి ఎలా ఉందని అడగడం మానేసింది, ఆ తర్వాత అసలు మాట్లాడటమే తగ్గించింది. నాలుగో నెల వచ్చేసరికి ఒక సోమవారం, చారు వడ్డిస్తూ, బుధవారం పుట్టింటికి వెళ్తున్నానంది. ఎన్నాళ్ళకి అన్నాను. "మీ నడుం నొప్పి తగ్గేదాకా" అంది. ఆ మాటతో చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఈవిడ వెళ్తే తిరిగి రాదని నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా, ఊరందరికీ ఏడో పేజీ వినిపించే మొనగాణ్ణి, మజ్జిగ పోసుకుని లేచి చెయ్యి కడుక్కున్నాను.

మర్నాడు మంగళవారం, పామర్రు. అక్కడ ఆడవాళ్ళ డాక్టరమ్మగారు ఒకరుండేవారు. పెద్దావిడ, రిప్రజెంటేటివులకి రెండు నిమిషాలకి మించి ఇచ్చేవారు కాదు. పుస్తకం ఆవిడ వైపు తిప్పి మొదలుపెట్టాను. ఏడో పేజీ తిప్పి, గొంతు తగ్గించి, కళ్ళు సగం మూసి, సిగ్గుపడకుండా ఒకరికొకరు చెప్పుకోవాలి మేడమ్ అన్నాను. ఎప్పుడూ తల ఎత్తని ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పేజీలోకి వంగి చదువుతున్నారు. నా విరుపు పనిచేసిందనుకుని ఆ వాక్యం ఇంకోసారి చెప్పాను.

"ఇది నాకు రాసింది కాదు బాబూ, నీకు," అని పుస్తకం నా వైపు తిప్పారు.

పేజీ మధ్యలో పిన్నుతో గుచ్చిన చీటీ. మా ఆవిడ గుండ్రటి రాత. "ఈ పేజీ ఊరందరికీ వినిపిస్తున్నారు. నాకెప్పుడు వినిపిస్తారు? నాకూ వచ్చింది."

నేల చీలితే బాగుండుననిపించింది, కానీ పామర్రులో గచ్చు గట్టిది. డాక్టరమ్మగారు నవ్వలేదు. మా ఆవిణ్ణి కూడా తీసుకురమ్మని, ఇది చెమటతోనూ తువ్వాలుతోనూ వచ్చేదే గానీ ఎవరి నడవడికకీ సంబంధించింది కాదని, నాకు తెలిసిన సంగతులన్నీ నాకే చెప్పారు. పేషెంటుగా వింటే అవి కొత్తగా వినిపించాయి. లేచేటప్పుడు, మిగతా డాక్టర్లని ఇవాళ్టికి వదిలేసి ఇంటికి పొమ్మన్నారు.

మధ్యాహ్నానికే ఇల్లు చేరాను. ఆవిడ సూట్‌కేసులో చీరలు సర్దుతోంది. ఎదురుగా నేల మీద కూర్చుని, ఇంకో తోవ తెలియక, పుస్తకం ఆవిడ వైపు తిప్పి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. మూడు పేజీలు దాటేసరికి ఆగిపోయాను. వేలసార్లు అప్పజెప్పిన పాఠంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"పుస్తకం పక్కన పెట్టి చెప్పండి," అంది ఆవిడ.

చెప్పాను. మైలవరం, దొంగపేరు, పెళ్లి కాలేదన్న మాట, అన్నీ. లాడ్జీల సంగతి అనుకుంటావేమోనని భయపడ్డానన్నాను.

"అనుకున్నాను. రెండు రోజులు. తర్వాత మీ పుస్తకం చదివాను," అని చేతిలో చీర పక్కన పెట్టి, "నాకేడుపొచ్చింది దానిక్కాదండీ. నేనంటే మీకు అసహ్యం వేసిందనుకున్నాను," అంది.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. నా సంచిలో సగం నొక్కిన ట్యూబు చూసి సంగతి గ్రహించి, ఆవిడ కూడా అందులోంచే ట్యూబులు తీసుకుని చాటుగా రాసుకుందట. నాకు తగ్గినప్పుడు ఆవిడకుంది, ఆవిడకి తగ్గినప్పుడు నాకుంది. ఒకే ఇంట్లో ఒకే మందు చెరో వారం వాడి ఆ తామరని మేపుకున్నాం. అది చెప్పుకుని ఇద్దరం చాలాసేపు నవ్వాం. సాయంత్రం తాళాలు బాగుచేసే అతన్ని పిలిచి బీరువా తెరిపించాం. మర్నాడు ప్రయాణం కట్టాం గానీ, ఇద్దరమూ, డాక్టరమ్మగారి దగ్గరికి. (తువ్వాళ్ళ సంగతి మా అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. చుట్టాలకి పెట్టేశామనే అనుకుంటోంది.)

ఇప్పుడు ఆ పుస్తకాలు లేవు, అంతా ట్యాబుల్లోనే. చీటీ గుచ్చడానికి చోటు లేదు. నేను మేనేజర్నయ్యాను, బొజ్జా, షుగరూ వచ్చాయి. మొన్న పరీక్షలకి వెళ్తే డాక్టరు, ఈ షుగరుతో పడకటింట్లో మీకేమైనా ఇబ్బంది ఉంటోందా అని అడిగాడు. ఉందని తల ఊపాను. ఇంటికొచ్చి మా ఆవిడతో ఆ సంగతి మాట్లాడటానికి మూడు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున కాఫీ తాగుతూ చెప్పేశాను. ఆవిడ అంతా విని, తనకి ఎప్పుడో తెలుసనీ, నేనెప్పుడు చెప్తానా అని తను ఎదురుచూస్తున్నాననీ అంది. అప్పట్లో రెండు నెలలు, ఇప్పుడు మూడు రోజులు. ఆ టై కట్టుకున్న మొనగాడికన్నా కాస్త నయమేనని నాకు నేనే చెప్పుకుంటూ, చల్లారిన కాఫీ తాగేశాను.