తలాంతు అంటే తలా ఇంత

1958 జూన్ మొదటి వారంలో, విడవలూరుకు తూర్పున సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఒక మిషను ఎలిమెంటరీ బడికి నన్ను సెకండరీ గ్రేడు టీచరుగా వేశారు. ఊరి పేరు రాయను. ఆ కుటుంబం వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. సెకండరీ గ్రేడు అంటే ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసై ఆ పైన రెండేళ్ళు ట్రెయినింగు అయినవాళ్ళు. ఆ చుట్టుపక్కల బళ్ళలో ఎనిమిదో తరగతితో ట్రెయినింగుకు పోయినవాళ్ళే ఎక్కువ కనుక, ఇరవై మూడేళ్ళకే నాకు తల కొంచెం బిరుసుగా ఉండేది. ఆ బిరుసు గురించే ఈ నాలుగు మాటలు.

మిషను బళ్ళలో కాగితం మీద లేని పని ఒకటి ఉండేది. సోమవారం నుంచి శుక్రవారం దాకా సర్కారు వారి పాఠాలు, ఆదివారం పొద్దున సండేస్కూలు. ఉత్తర్వులో ఆ మాట కనబడదు. మిషను తరఫున బళ్ళు చూసే కరస్పాండెంటు గారు పిలిచి నోటితో చెప్పి పంపేవారు. నాకు చెప్పింది ఒకటే: పిల్లల్లో దేవుడు పెట్టిన తలాంతులు కనిపెట్టండి, వాటిని మంచికి వాడడం నేర్పండి.

తలాంతు అన్నది మొదట్లో వెండి తూకం. యజమాని దూరదేశం పోతూ పనివాళ్ళకు తలాంతులు అప్పగించిన కథ నుంచి మా క్రైస్తవుల నోట ఆ మాటకు దేవుడిచ్చిన వరం అన్న అర్థం స్థిరపడింది. ఆ కథలో ఒకడు తనకిచ్చింది భూమిలో పాతిపెట్టి చీవాట్లు తింటాడు. నేను దానికోసం ఒక నోటు పుస్తకం కుట్టాను. అందులో మూడు గడులు: పేరు, తలాంతు, వాడకం. దానియేలుకు నోటిలెక్క, ఆదివారం హాజరు వాడు చెప్పాలి. మార్తకు తాటాకు అల్లిక. మందిరానికి చాపలు అల్లాలి. ఇలా ముప్పైమంది పిల్లలకూ వరాలూ నేనే పంచాను, పనులూ నేనే పెట్టాను. తనిఖీకి వచ్చిన పెద్దలు ఆ పుస్తకం చూసి మెచ్చుకున్నారు కూడా.

కరుణ నాలుగో తరగతి. తొమ్మిదేళ్ళ పిల్ల, బక్కగా, ఎప్పుడూ ఎవరి వెనకో నిలబడేది. దాని పేరు ఎదుట రెండో గడి చాలా రోజులు ఖాళీగా ఉండిపోయింది. ఒకనాడు పగలు అన్నాల వేళ బడి వెనక సరుగుడు తోపులో పిల్లకాయల అలికిడి లేదు. అలికిడి లేకపోతేనే టీచరుకు అనుమానం రావాలి. పోయి చూద్దును గదా, కాకి పొడిచి చంపిన కోడిపిల్ల ఒకటి ఇసుకలో ఉంది. దాని పక్కన కరుణ గొంతుక్కూర్చుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ రాగం తీస్తోంది. నూకలు ఏరుకోనన్నా లేదే, నీడపట్టున నిలవనన్నా లేదే, నా తల్లీ అని. చుట్టూ పిల్లలు అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని వింటున్నారు. దానియేలు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నా కళ్ళూ తడిశాయి. అందుకే ఆ పిల్ల మీద అంత కోపం వచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ పిల్ల నాయనమ్మ సుందరమ్మవ్వ శోకాలు పెట్టడంలో ఆ ప్రాంతంలో పేరున్న మనిషి. చావు జరిగిన ఇంట్లో పీనుగ తలదగ్గర కూర్చుని, పోయిన మనిషి పుట్టింది మొదలు ఏం తిన్నారు, ఏం పని చేశారు, ఎవరికి పెట్టారు, ఎవరిచేత మాట పడ్డారు, అంతా వరసగా రాగంలో చెప్పి ఏడవాలి. ఊరివాళ్ళే కాదు, సముద్రం ఒడ్డు పాలెంలోని చేపలవాళ్ళు కూడా ఆమె కోసం మనిషిని పంపేవాళ్ళు. బాప్తిస్మం తీసుకున్నాక పాస్టరు గారు మాన్పించారు. ఏడవొద్దని కాదు, రాగం తీసి ఏడవొద్దని. పునరుత్థానం నమ్మినవాళ్ళు అట్లా ఏడవరాదన్నది మా సంఘాల్లో అప్పటి కట్టడి. అవ్వ మానేసింది. మానేసిందనే అందరూ అనుకున్నాం.

ఆ ఆదివారం తలాంతుల పాఠమే చెప్పాను. తలాంతు అంటే ఏమిటని అడిగితే ఎప్పుడూ నోరు మెదపని కరుణ లేచి నిలబడింది.

"తలా ఇంత అని గదమ్మా. అందరికీ తలా ఇంత పంచినాడు దేవుడు. నాకు ఏడుపు పంచినాడు."

పిల్లలు గొల్లుమన్నారు. ఆ మాటకొస్తే నేనూ నవ్వాను. దేవుడు ఎవరికీ ఏడుపు పంచడనీ, ఆయన నీకిచ్చింది స్వరమనీ, దాన్ని శోకాలకు వాడడమంటే మట్టిలో పాతిపెట్టడమేననీ చెప్పాను. ఇక మీదట కీర్తనలకు తప్ప గొంతు ఎత్తనని అందరి ముందూ దానిచేత ప్రార్థన చేయించాను. పుస్తకంలో రెండో గడిలో 'స్వరం' అనీ, మూడో గడిలో 'కీర్తనలు మాత్రమే' అనీ రాశాను. ఆ 'మాత్రమే' కింద గీత కూడా గీశాను.

చెప్పిన మాట జవదాటని పిల్ల. రెండేళ్ళలో మందిరంలో కీర్తన ఎత్తుకునేది కరుణే అయింది. నెల్లూరులో జరిగిన సంఘాల మీటింగులో అది పాడితే వెనక వరసల్లో మాట్లాడుకుంటున్న మగవాళ్ళు కూడా మాటలు ఆపి విన్నారు. నా పేరూ మోగింది. వాళ్ళమ్మ ఎస్తేరు నాట్ల కూలి. ఉన్న ఒక్క పావడా శనివారం ఉతికి, వాన పడితే పొయ్యి దగ్గర ఆరబెట్టి, ఆదివారం కూతురికి తొడిగి ముందు వరసకు పంపేది. తాను వెనక గోడకు ఆనుకుని వినేది. ఆమెతో నేను మాట్లాడింది తక్కువ.

1960 నవంబరులో మూడు రోజులు ముసురు పట్టింది. ఎస్తేరుకు నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. నెల్లూరు ఆసుపత్రికి బండి కట్టారు గానీ చక్రాలు బురదలో దిగబడి ఊరి పొలిమేర దాటలేదు. పగలు పన్నెండు కాకముందే తల్లీ, కడుపులో బిడ్డా పోయారు.

నేను పోయేసరికి పంచలో చాప మీద పడుకోబెట్టారు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఉన్నారు గానీ ఎవరూ నోరు విప్పడం లేదు. సుందరమ్మవ్వ తలదగ్గర కూర్చుని మూడుసార్లు రాగం ఎత్తబోయింది. ఉబ్బసంతో గొంతు పూడుకుపోయింది, గాలే తప్ప మాట రాలేదు. ఇక మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"మీయమ్మకి నాలుగు మాటలు చెప్పవే. ఎవురూ చెప్పకుండా ఎట్టా పంపిస్తాము?"

కరుణ తల్లి మొహం చూసింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. నోరు సగం తెరుచుకుని ఉంది. మాటలన్నీ అక్కడిదాకా వచ్చి ఉన్నాయి. అవి కనబడుతూనే ఉన్నాయి నాకు. నేను అడ్డంగా తల ఊపాను. అంతే.

పిల్ల లేచి నిలబడి కీర్తన పాడింది. అన్ని చరణాలూ, ఎక్కడా శ్రుతి తప్పకుండా, కన్ను తడవకుండా పాడింది. పదకొండేళ్ళ పిల్ల విశ్వాసం చూడండని పాస్టరు గారు సమాధి దగ్గర చెప్పారు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఇళ్ళకు పోయారు. ఎస్తేరు ఎట్లాంటి మనిషో ఆ రోజు ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసింది ఆ పావడా సంగతి ఒక్కటే.

మరుసటి ఆదివారం కరుణ ముందు వరసలో నిలబడింది. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. జలుబనుకున్నాం. క్రిస్మసుకూ రాలేదు. మిరియాల కషాయం పట్టించాను, బతిమాలాను, చివరకు గద్దించాను కూడా. పాడనని ఎన్నడూ అనలేదు, నోరు తెరిచి నిలబడేది. చూడలేక నేనే వెనక్కు పంపేశాను. సంక్రాంతి సెలవుల తర్వాత సుందరమ్మవ్వ బడికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. తగవు పెట్టుకోవడానికి కూడా రాలేదనుకుంటాను.

"మీరు జెప్పినట్టే చేసినాది టీచరమ్మా. మాయమ్మి తలాంతు వాళ్ళమ్మతో కూడా పూడిపోయినాది," అని చెప్పి వెళ్ళిపోయింది.

నాకు తల కొట్టేసినట్టయింది.

1963లో నన్ను అల్లూరు వైపు బదిలీ చేశారు. వెళ్ళేముందు కరుణను పిలిపించాను. అప్పటికి అది తల్లి కూలి చేసిన చేలలోకే నాట్లకు పోతోంది. ఎవరూ లేకుండా చూసి, మీ అమ్మ గురించి ఆ రోజు చెప్పవలసిందంతా ఇప్పుడు చెప్పు, రాగం తీసే చెప్పు, నేను వింటానన్నాను. సిగ్గు విడిచి అడిగాను. ఆ పిల్ల గొంతుక్కూర్చుంది. ఒకసారి ముందుకు ఊగింది, ఆగిపోయింది.

"ఆ పొద్దు అన్నీ వచ్చినాయమ్మా. ఇప్పుడు వరస రావడం లేదు," అంది. నన్ను తప్పు పట్టలేదు. పనికి పొద్దు పోతుందని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు కొత్త సండేస్కూలు టీచర్లకు తర్ఫీదు క్లాసులు నేనే తీసుకున్నాను. వాళ్ళకు మొదట చెప్పింది ఇది: పిల్ల దగ్గర ఏముందో కనిపెట్టడం తేలికే. దానితో ఎవరికి పని ఉందో ఆ ఇంటికి పోయి అడగండి. అడిగేదాకా మూడో గడి నింపకండి. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. కరుణ పేరు ఎదుట నేను రాసింది తప్పు. తన వంతుకు ఏం వచ్చిందో ఆ పిల్లకు తెలుసు, అందరి ముందూ లేచి చెప్పింది కూడా. నేను నవ్వాను.