కూరకు ఎంచినట్టు ఎంచిన చేప

వారం రోజులైంది, మా ఇంట్ల అక్వేరియం దిక్కు నన్ను ఒక్కణ్ని పోనిస్తలేరు. ఎందుకో చెప్త గని, ముందుగాల నా సుగుణం ఒకటి చెప్పాలె. నాకొచ్చిన విద్యను నేను దాచుకోను. మెదక్‌ల మా గల్లీకి చేపలు ఎంచిపెట్టేది నేనే. మొప్ప ఎత్తి చూస్తె ఎప్పుడు పట్టిందో చెప్త. చేగుంటల మా తోడల్లుడు కూడ చుట్టాలొస్తె ముందు నాకే ఫోన్ జేస్తడు.

మా బిడ్డ షారోన్ ఇంటర్ చదువుతుంది. కిటికీ కాడ చిన్న ట్యాంకుల పది ఎర్ర రొయ్యలను పెంచుకుంటుంది. ఒక్కోటి గోరంత. అండ్ల ఒకటి కడుపు కింద గుడ్లు మోసుకుంట తిరుగుతది. మా పిల్ల పాణమంత దాని మీదనే.

మొన్నీమధ్య చర్చి క్యాంపుకు పోతపోత, "వాటికి తోడు చిన్న చేపలు తేవాలె డాడీ. నేనొచ్చినంక పోదాం, నువ్వు తొందరపడకు" అన్నది.

ఇంట్ల నా అసుంటోడుండంగ పిల్ల ఎందుకు తిరగాలె? తెల్లారే అక్వేరియం దుకాణం పోయిన. దారప్పోగుల్లాంటి చేపలు గుంపుగ తిరుగుతున్నయి. వాటిల ముల్లు తప్ప ఏముంటది? మూలకు ఒక నల్ల చేప కనపడ్డది. అరచేతిల సగముంది, కన్ను మెరుస్తుంది, వెన్ను గట్టిగుంది.

"ఇది మంచిగ తింటదా?" అని అడిగిన. తిండి తినేదే ఆరోగ్యంగ ఉంటదని నా లెక్క.

"మస్తు తింటది అన్నా. మీ ట్యాంకుల ఇంకేమున్నయి?" అన్నడు దుకాణపాయన.

"చేపల సంగతి నాకు చెప్పకు తమ్మీ, కవర్ల వెయ్యి" అన్న. పాపం, వేసిండు.

మా ఆవిడ సునీత చూసి, "గిది రొయ్యలకు తోడా, యముడా?" అన్నది. ఆమెకు చేపల గురించి ఏం తెల్సని ఊకున్న.

పొద్దుమూకి మేత వేస్తె చేప ముట్టలే. "కొత్త ఇల్లు గద, మొహమాటపడుతుంది. మర్యాద తెల్సిన చేప" అన్న.

సునీత ట్యాంకు మీదికి వంగింది. "మొహమాటం కాదు, కడుపు నిండింది. రొయ్యలేవి?"

రాళ్లు లేపి చూసిన. ఒక్కటి లేదు. చేపను తీసి బకెట్ల వేసిన. మరునాడు షారోన్ వచ్చింది. బ్యాగు దించకముందే జరిగింది చెప్పిన. పిల్ల పోయి ట్యాంకు ముందట కూసోని చూసుకుంటనే ఉంది. చాన సేపటికి ఫిల్టర్ వెనక నాచుల వేలు పెట్టి చూపించింది. నాలుగున్నయి. అండ్ల గుడ్లది కూడ ఉంది. అప్పుడు నాకు ఊపిరొచ్చింది.

"ఏం చూసి తెచ్చినవ్ డాడీ?"

"కన్ను, వెన్ను."

"నోరు చూడలే? రొయ్య పట్టేంత నోరుంటె ఏ చేపైనా మింగుతది."

ముప్పై ఏండ్లసంది తలకాయ పులుసు తింటున్న గని, చేప నోరెంతుందో ఎన్నడు చూడలే.

చేపను వాపస్ ఇచ్చెటందుకు ఇద్దరం దుకాణం పోయినం. షారోన్ ఆ దారప్పోగు చేపలనే ఏరుతుంది. వాటి నోట్ల సూదిమొన కూడ పట్టదు. నేను ఆగలేక చెవిల చెప్పిన: "బిడ్డా, ఆ పక్కది తీస్కో. జర కండ పట్టింది."

"డాడీ, నువ్వు బయట నిలబడు" అన్నది.

నిలబడ్డ. ఇప్పుడు రొయ్యలు ఆ చేపల మూతి ముందటనే నిమ్మలంగ తిరుగుతున్నయి, రోజు చూస్తున్న. అయినా ఉన్నమాట చెప్పాలంటె, కండ లేని చేపను మంచి చేప అనుడు నాకు ఇంకా రాలే.