బాపు గోటి మీది నీలం

సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి మరమగ్గాల మీద బతుకుతున్న కుటుంబం మాది. తెలంగాణ వచ్చాక ఢిల్లీ సర్కారు కోసం జరిగిన మొదటి ఎన్నికల్లో ఊరికి పోయి ఓటేయాలని మా బాపుకు ఎంతో ఆశ. మగ్గాల యజమాని సేఠ్ సెలవు ఇవ్వలేదు. ఓట్ల రోజు కూడా బాపు మగ్గం దగ్గరే ఉన్నాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు బాపుకు జ్వరం ముదిరింది. ఏ ఆసుపత్రిలోనూ బెడ్ దొరకలేదు. సూరత్‌లోని వడోద్ బస్తీలో, మా గదిలోనే, పక్కింట్లో ఆక్సీమీటర్ అడిగి తెచ్చి వేలికి పెట్టబోయాను. బాపు తనే ఎడమచెయ్యి చాపి చూపుడువేలు ముందుకు పెట్టాడు.

"జర మంచిగ పెట్టు మేడం. మన రాష్ట్రం వచ్చినంక మొదటి ఓటు" అన్నాడు.

కన్నకూతురిని, ఓటు సిరా పెట్టే మేడం అనుకుంటున్నాడు. ఆక్సిజన్ అంకె పడిపోతోంది. క్లిప్పు తీసేసరికి, ఊపిరి చాలక గోరు నీలంగా మారి ఉంది. బాపు దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నాడు.

"పడ్డది. ఇగ పోయొస్త మేడం" అన్నాడు.

అంబులెన్స్ వచ్చేసరికే పోయాడు.

తర్వాత ఇక్కడ, సూరత్‌లో జరిగిన ఎన్నికల్లో నేనూ ఓటేశాను. గోటి మీది ఆ రంగు పోయేదాకా చెయ్యి కొంగులోనే దాచుకున్నాను.