మా అత్తమ్మ విన్న బూర

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. పుట్టింది సంఘంలో, పెరిగింది వాక్యంలో. చాలా ఏళ్లుగా సండే స్కూలు పిల్లలకు పాఠం చెబుతున్నాను. చింతతోపులో ఎవరో ఆడమనిషి ఏడుస్తుందట టీచరమ్మా అని ఏ పిల్లయినా అంటే, చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర విశ్రాంతిలో ఉంటారు, వాళ్లకు మన తోపులతో పనిలేదని చెప్పి పాఠంలోకి వెళ్లిపోతాను. ఇప్పటికీ అదే చెబుతాను. ఇది చదివి నా విశ్వాసం మారిందని ఎవరూ అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది అద్దంకి దగ్గర పల్లె. మిర్చి, పత్తి వేస్తాం. మా అత్తమ్మ పేరు దీనమ్మ. మా చర్చి గుడిలో ఏ పాటకైనా మొదట గొంతెత్తేది ఆమే. జీవితమంతా మిరప కల్లాల్లో, పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర పనిచేసిన మనిషి. ఆ దుమ్ముకీ పొగకీ ఊపిరితిత్తులు పాడైపోయాయని డాక్టరు చెప్పాడు. పాట మొదలుపెడితే మొదటి మాట వచ్చేది, రెండో మాటకు గాలి అందేది కాదు. ఆమెకు ప్రాణమైన పాత కీర్తన ఒకటి ఉంది. అది పాడలేకపోవడమే ఆమెకు జబ్బు కన్నా పెద్ద బాధ.

మా గుడి సామాన్ల గదిలో ఒక ట్రంపెట్ ఉంది. వెనకటి రోజుల్లో ఈస్టరు తెల్లవారుజామున సంఘమంతా సమాధుల తోటకు నడిచేటప్పుడు, ఎవరినైనా మట్టి చేసేటప్పుడు దాన్ని ఊదేవారు. ఊదే పెద్దాయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు కావాలంటే టౌను నుంచి బ్యాండు వస్తుంది.

ఒకరోజు అత్తమ్మ అంది, "నేను పోతే ఆ టౌను బ్యాండోళ్లని పిలవబాకండి. శవం ముందు కూడా సినిమా పాటలే వాళ్లకి."

"అట్టాగేలే అత్తమ్మా, గుడి బూరే ఊదిద్దాం" అన్నాను మాటవరసకి.

"పోయాక ఊదితే నాకేం వినపడుద్దే? బతికుండగా వినాలి. నా పాట మొత్తం, ఒక్కసారి."

మా పాస్టరు అయ్యగారిని అడిగి ట్రంపెట్ ఇంటికి తెచ్చుకున్నాను. నేర్పేవాళ్లు లేరు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. పెదాలు బిగించి తుమ్మెదలా జుమ్మనిపించాలట. మొదట్లో గాలి తప్ప ఏమీ రాలేదు. బుగ్గలు ఉబ్బించకూడదని తెలిసేలోపే దవడలు నొప్పిపుట్టాయి. ఒకసారి తాలు మిరపకాయలు ఏరిన చేతుల్తోనే మౌత్‌పీస్ పట్టుకుని పెదాలకు ఆనించాను. మూతి మంటెత్తిపోయి నీళ్లకుండ దగ్గరికి పరుగెత్తాను.

మా దగ్గర కూలికి వచ్చే ఏసమ్మ విరగబడి నవ్వింది. "ఏంది టీచరమ్మా, పాట అంత ఘాటుగా ఉందా?"

వీధిలో ఊదితే కుక్కలు గొంతు కలుపుతున్నాయని, కాయలు ఎండబోసుకునే మా కల్లానికి వెళ్లి ఊదేదాన్ని. మా ఇల్లు ఊరి చివర, కల్లం దానికి ఎదురుగా. రెంటికీ మధ్య మా పత్తి చేను. అత్తమ్మ మంచం వాకిట్లో వేయించుకుని వినేది.

కీర్తనలో రెండో గీత, అంటే రెండో పాదం దగ్గర, రాగం తిరిగే ఒక తిప్పు నేను తప్పుగా పట్టుకున్నాను. పక్కింటి సుగుణ గుడిలో పాటలు పాడే పిల్ల. ఆమె ఎన్నిసార్లు దిద్దినా నా వేళ్లు ఆ తప్పే తిరిగేవి. అది సరిపెట్టుకోవచ్చు. అసలు కష్టం మూడో గీత. అక్కడ పాట పైకి వెళ్తుంది. అక్కడికి వచ్చేసరికి నా పెదాలు మొద్దుబారి, ఆకలేసిన దూడ అరుపు లాంటిది వచ్చి ఆగిపోయేది. మొత్తం కీర్తన ఒక్కసారి కూడా ఊదలేకపోయాను. ఈలోగా ఇంటికి ఆక్సిజన్ మిషను వచ్చింది. ఇంక ఎక్కువ రోజులు లేవని మాకందరికీ తెలుస్తూనే ఉంది.

అలాంటి సమయంలో ట్రంపెట్ మీటలు మూడూ బిగుసుకుపోయాయి. తప్పు నాదే. జారుడుగా ఉంటుందని కొబ్బరినూనె వేశాను. మంచు రోజులు కదా, లోపల పేరుకుపోయింది. సుగుణను అత్తమ్మ దగ్గర కూర్చోబెట్టి, పొద్దున బస్సుకి చీరాల వెళ్లాను. బ్యాండు సామాన్లు బాగుచేసే ముసలాయన వాసన చూసి, "తలకి రాసేది దీనికి పోశావా తల్లీ?" అని నవ్వాడు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక మీటలన్నీ ఊడదీసి సబ్బునీళ్లలో వేశాడు. మిగతా ముక్కలు పేపరు మీద పరిచాడు. పిల్లలకు చూపించవచ్చని ఫొటో తీసుకున్నాను. అది ఇప్పటికీ నా ఫోనులో ఉంది, తీసిన వేళతో సహా.

బాగైన బూరతో సాయంత్రం బస్సు దిగేసరికి ఏసమ్మ, మిగతా కూలివాళ్లు ఎదురొచ్చారు.

"టీచరమ్మా, ఇయ్యాల గుండె కరిగించావమ్మా! కాయలేరడం ఆపి కూకున్నాం."

ఎగతాళి అనుకున్నాను. "నేను ఇప్పుడేగా చీరాల నుంచి దిగుతున్నా" అన్నాను.

"ఆఁ, మా చెవుల్లో మిరపగింజలు పడ్డాయిలే" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

ఇంటి దగ్గర సుగుణ వాకిట్లోకి ఎదురొచ్చింది. "వదినా, మూడో గీత దాటేశావుగా! రెండో గీత కాడ మటుకు నీ వంకర తిప్పు నువ్వే తిప్పావు. మారవు గదా. చీరాల పోకుండా కల్లంలో కూర్చున్నావా ఏంది?"

నా చేతిలో తువ్వాలుతో చుట్టిన ట్రంపెట్ ఉంది.

లోపల అత్తమ్మ కళ్లు మెరుస్తున్నాయి. ఎన్నో నెలల తర్వాత ఆ మొహంలో అంత నెమ్మది చూశాను. అవును నేనే అంటే సరిపోయేది. ఆమె కోరిక తీరినట్టయ్యేది. కానీ అబద్ధం నోటికి రాలేదు. మంచం పక్కన కూర్చుని చెప్పాను.

"అత్తమ్మా, అది నేను కాదు. నేను చీరాలలో ఉన్నా. ఆ వేళకి బూర ముక్కలై ఉంది."

ఆమె మాస్కు పక్కకు జరిపింది. "నువ్వు కాదని తెలుసులేవే. నువ్వైతే గీతగీతకీ రొప్పుతావు. అది మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోలా."

"భయమేయలేదా?"

"నా పాటకి నేను భయపడతానా?" అంది. బూర వైపు చెయ్యి చూపించి, "ఇప్పుడు నువ్వు ఊదు. నీది వినాలి" అంది.

మంచం పక్కనే నిలబడి ఊదాను. మొదటి గీత అయ్యాక ఊపిరి కోసం ఆగాను. ఆ సందులో అత్తమ్మ రెండో గీతలోని మొదటి మాట అంది. గుసగుసగానే, కానీ రాగంలో. నేను ఆగిన ప్రతిచోటా ఒక మాట వేసింది. మూడో గీత ఎప్పటిలాగే పగిలింది. నేను ఆపబోతే చెయ్యి ఊపి కానివ్వమంది. చివరిదాకా వెళ్లాం. సుగుణ గుమ్మం పట్టుకుని ఏడుస్తోంది.

"మజ్జాన్నం విన్నది శానా బాగుందే" అంది అత్తమ్మ, చాలాసేపు రొప్పి. "కాకపోతే అందులో నేను దూరడానికి సందు లేకపోయింది."

సాక్షులు లేని మాట నమ్మకూడదని నేర్చుకున్నదాన్ని. అందుకే తర్వాత ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాను. అందరూ భోజనాలయ్యాక, ఎండ తగ్గకముందు అన్నారు. నా ఫొటో వేళ కూడా అదే. కల్లంలో ఉన్న ఏసమ్మ వాళ్లు మా ఇంటి వైపు నుంచి వచ్చిందన్నారు. ఇంట్లో ఉన్న సుగుణ, అత్తమ్మ కల్లం వైపు నుంచి వచ్చిందన్నారు. మధ్యలో ఉన్నది పత్తి చేను. ఆ రోజు అందులో మనిషి లేడు. ఎవరైనా ఫోనులో పెట్టారేమో అనుకుందామంటే, నా తప్పు తిప్పు ఏ ఫోనులో ఉంటుంది? నేనే అనుకుందామంటే, ఆ పై గీత నాకు ఈరోజుకీ రాదు.

అయ్యగారికి చెప్పాను. "దేవదూత అని చెప్పకమ్మా, దురాత్మ అని కూడా చెప్పకు. మనకు తెలియదు. విన్నది విన్నట్టు చెప్పు" అన్నారు.

మిరప ఆఖరి కోత అవకముందే అత్తమ్మ ప్రభువు సన్నిధికి వెళ్లింది. టౌను బ్యాండును పిలవలేదు. సమాధి దగ్గర నేనే ఊదాను. మొదటి గీత తర్వాత ఊపిరికి ఆగినప్పుడు, ఆ సందులో మాట పడుతుందేమోనని నాకు తెలియకుండానే చెవి పెట్టాను. ఎవరో దగ్గారు. మట్టి పెళ్ల ఒకటి అంచు నుంచి జారి పెట్టె మీద పడింది. నేను రెండో గీత ఎత్తుకున్నాను.

ఆ మధ్యాహ్నం మా పత్తి చేను మీద ఊదింది ఎవరో నాకు తెలియదు. వాక్యంలో వెతికాను, ప్రార్థనలో అడిగాను, జవాబు దొరకలేదు. విన్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు.