ఎర్త్ వైరు కింద రబ్బరు ముక్క

ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ వెళ్లే దారిలో లారీల వైరింగ్ పని చేసే షాపులో నేను పదకొండేళ్లు పనిచేశాను. షాపు ఆయన్ను ఉస్తాద్ అనేవాణ్ని. మాదీ ఆయనదీ నల్గొండ జిల్లాలో పక్కపక్క ఊళ్లు. డిగ్రీ తప్పి ఊరికే తిరుగుతున్న నన్ను పిలిచి, మీటరు చేతికిచ్చి, కరెంటు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో నేర్పింది ఆయనే. మా నాన్న పోయాక నా పెళ్లి మాటలకు పెద్దమనిషిగా వచ్చిందీ ఆయనే.

హయత్‌నగర్‌లో సొంత షాపు పెట్టుకుంటానని చెప్పినప్పుడు ఆయన నా భుజం తట్టాడు. "పెట్టుకో రా. ఎన్ని దినాలని నా కింద చేస్తవ్" అన్నాడు. చాయ్ తెప్పించాడు. ఇంటికి పోయి మా ఆవిడకు చెబితే ఆమె నమ్మలేదు. అంత తేలిగ్గా ఎట్లా ఒప్పుకున్నాడని రెండుసార్లు అడిగింది. నాకు ఆమె మీద కోపమొచ్చింది.

ఆ వారమే ఒక పాత డీజిల్ లారీకి వైరింగంతా కొత్తగా వేశాను. బాటసింగారం మార్కెట్ నుంచి పళ్లు తోలే బండి. దాని ఓనరు గుంటూరు వైపు నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో ఇల్లు కట్టుకున్న పెద్దాయన. నేను షాపు పెడితే తన బండ్లన్నీ నా దగ్గరికే తెస్తానని ఉస్తాద్ వింటుండగానే అన్నాడు.

బండి తీసుకుపోయిన నాలుగు రోజులకు తిరిగి తెచ్చాడు. హెడ్‌లైట్లు ఒకసారి భగ్గుమంటున్నాయి, మరుక్షణం గుడ్డిదీపాలవుతున్నాయి. పొద్దున పూట సెల్ఫ్ సరిగా తిరగడం లేదు. బ్యాటరీ మార్చి పంపాను. వారానికి మళ్లీ వచ్చింది. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ విప్పి బ్రష్‌లు మార్చాను. మూడోసారి వచ్చినప్పుడు ఓనరు నా వైపు చూడకుండా ఉస్తాద్‌తో మాట్లాడాడు.

"తొందరల చేసిండు సార్. మనసంత కొత్త షాపు మీదున్నది" అన్నాడు ఉస్తాద్.

నేను పక్కనే ఉన్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. తప్పు నాదేననుకున్నాను.

మర్నాడు ఉస్తాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో చుట్టాలింటికి పోయాడు. లారీ షాపు ముందే ఉంది. మొదటి నుంచి మొదలుపెట్టాను. ఇంజన్ నడుస్తుండగా ఆల్టర్నేటర్ దగ్గర మీటరు పెడితే ఇరవై ఎనిమిది వోల్టులు చూపి, కదలకుండా నిలబడింది. బ్యాటరీ దగ్గర పెడితే ఇరవై నాలుగు, ఇరవై ఆరు, మళ్లీ ఇరవై నాలుగు. అంటే కరెంటు బాగానే పుడుతోంది, దారిలో ఎక్కడో పోతోంది. మీటరు ఒక కొస ఇంజన్‌కూ, ఇంకో కొస బండి అడుగు చట్రం చాసిస్‌కూ ఆనించాను. దాదాపు సున్నా చూపాల్సిన చోట రెండున్నర చూపింది.

ఆ రెంటినీ కలిపే ఎర్త్ వైరు దగ్గరికి, బండి కిందికి దూరి, బోల్టు విప్పాను. వైరు కొసకూ ఇనుముకూ మధ్య, ట్యూబు నుంచి గుండ్రంగా కత్తిరించిన రబ్బరు ముక్క ఉంది. చుట్టూ ఇనుము మీద రంగు పూసి ఉంది. ఆ చోటును తళతళలాడేదాకా గీకి వైరు బిగించింది నేనే. బోల్టు మరల గుండా పోయే కాస్త కరెంటుతోనే బండి ఇన్నాళ్లూ నడిచింది. గతుకుల్లో అదీ తెగేది. వైరింగ్ అయిన రోజు సామాను కొనడానికి నేను బయటికి వెళ్లాను. ఆ పూట షాపులో ఉన్నది ఉస్తాద్ ఒక్కడే.

ఆయన వచ్చాక రబ్బరు ముక్క బల్ల మీద పెట్టాను. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు.

"నువ్ పోతే నీ ఎంబడి అందరు పోతరు. నాకెవరుంటరు రా?"

"పోవద్దంటే ఆగేటోణ్ణి గదా, ఉస్తాద్."

ఆయన చేతులు కడుక్కోవడానికి లేచిపోయాడు. నేనన్నది నిజమే. ఇంకో ఏడాది ఆగమంటే ఆగేవాణ్ని. మొదటి రెండుసార్లు తిరిగొచ్చినప్పుడు ఆ బండి కింద పడుకుని నేను వెతుకుతుంటే, పక్కన కూర్చుని టార్చి పట్టింది ఆయన. అదే నాకు ఈనాటికీ మింగుడు పడదు.

సాయంత్రం ఓనరు వచ్చాడు. ఇంతకీ ఏమైందని అడిగాడు. ఎర్త్ బోల్టు వదులైందని చెప్పాను. ఉస్తాద్‌ను కాపాడాలని కాదు. అలాంటి మనిషిని పదకొండేళ్లు తండ్రిలా అనుకున్నానని ఇంకొకరికి తెలియడం నాకు నామోషీ అనిపించింది.

"బోల్టు కూడా సరిగ్గా బిగించకపోతే ఎలాగయ్యా" అని ఆయన బండి తీసుకుపోయాడు. మళ్లీ నా దగ్గరికి రాలేదు.

హయత్‌నగర్‌లో నా షాపు నడుస్తోంది. ఈ మధ్య ఒక డ్రైవరు వచ్చి, ఉస్తాదే పంపాడనీ, వోల్టేజ్ తేడా పట్టడంలో నా అంతటివాడు లేడని చెప్పాడనీ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా బండి బాగుచేసి పంపాను. ఉస్తాద్‌కు ఒంట్లో బాగుండటం లేదట, ఒకసారి చూసి రమ్మని మా ఆవిడ అంటోంది. ఇంకా పోలేదు.