అవ్వ కత్తిరించిన ఆకు

నా చిన్నప్పుడు బాన్సువాడలో మా గల్లీ ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లు. మా బాపును కన్న అవ్వ కూడా అంతే. పెళ్లైన కొత్తలో ఒళ్లో పెట్టుకున్న బీడీల చాటను ముసలితనం దాకా దించలేదు. చివరికి దగ్గు పట్టుకుంది. పొగాకు పొడి తగిలితే చాలు, ఊపిరి అందక మెలికలు తిరిగిపోయేది. ఇక పొగాకు ముట్టొద్దని దవాఖానలో డాక్టరు చెప్పాడు. మా బాపు ఆ రోజే చాటను అటకెక్కించి, "ఇగ పని బంద్ అమ్మా. నిమ్మళంగ కూసొని తిను," అన్నాడు.

దగ్గైతే తగ్గింది గానీ మనిషి కరిగిపోయింది. పొద్దంతా గోడకు ఆనుకుని, కొంగు అంచును వేళ్ల మధ్య చుడుతూ కూర్చునేది. మొదట రొట్టె సగం వదిలేది, తర్వాత ముట్టుకోవడమే మానేసింది. చాట తిరిగిస్తే దగ్గు మళ్లీ వస్తుంది. ఇవ్వకపోతే ఆమె ఆ గోడ దగ్గరే పోయేలా ఉంది.

ఒకరోజు పక్కింటి అక్క తడిగుడ్డలో చుట్టిన తునికాకు, అదే బీడీల ఆకు, కత్తెర తెచ్చి అవ్వ ముందు కూర్చుంది. వంకరటింకరగా కత్తిరించసాగింది. అవ్వ కాసేపు చూసి, ఇక ఆగలేకపోయింది.

"ఏందే పోరీ, ఆకు కత్తిరిస్తున్నవా, ఎలుక లెక్క కొరుకుతున్నవా?"

"నాకు వస్తలేదవ్వా. కత్తిరిచ్చుడు నీది, చుట్టుడు మా ఇంట్ల నాది. సరేనా?"

అవ్వ కత్తెర గుంజుకుంది. ఆకులో పొగాకు ఘాటు ఉండదు కదా. రోజూ నీడ గోడ దాటగానే అక్క వచ్చి కత్తెర లాక్కుని, గవ్వలు పోసి పచ్చీసు ఆట పరిచేది. అవ్వ తిడుతూనే ఆడేది, దొంగాట కూడా ఆడేది. వారం తిరక్కుండానే రొట్టె అడిగి తింది.

తర్వాత ఒకరోజు అక్క మా ఇంట్లో మరిచిపోయిన కత్తెర ఇద్దామని నేను అక్క ఇంటికి వెళ్లాను. ఆమె ఇంకో కత్తెరతో ఆకులు కత్తిరించి గంపలో వేస్తోంది. అన్నీ అచ్చు పోసినట్టు ఒకే కొలత. "నీకు మంచిగనే వస్తది గదక్కా!" అన్నాను.

"గట్టిగ అనకే! ఉత్తగ కూసుంటే మీ అవ్వ మంచంల పడ్తది, పొగాకు ముట్టుకుంటే దగ్గుతోని పడ్తది. నడుమల గింత జాగ దొరికింది. పాడుచెయ్యకు."

నేను అవ్వకు చెప్పలేదు. అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్లు మా మధ్య ఉంది. ఆ ఏళ్లు అక్క పెట్టిన భిక్షే అనుకుంటాను.

ఈ ఏడాది మోకాళ్ల నొప్పులతో మా ఇంటాయన పొలం మానేశాడు. నాయినను మంచం దిగనీయొద్దని మా కొడుకు చెప్పి వెళ్లాడు. నేను విత్తనపు శనగల చాట తెచ్చి ఆయన ముందు పెట్టి, నాకు చూపు ఆనట్లేదు, పుచ్చులు నువ్వే ఏరాలన్నాను. నీడ తిరగ్గానే చాట తీసేసి చాయ్ ఇస్తాను. నా చూపుకేం, ఇప్పటికీ సూదిలో దారం నేనే ఎక్కిస్తాను.