మైదానంలోకి వచ్చిన అమ్మ

మొన్న కెనడాలో, మేముండే ఏజాక్స్ ఊళ్లో మనవడి స్కూలు మైదానం పక్కన నిలబడి, హెల్మెట్లు పెట్టుకున్న పిల్లలు ఒకరినొకరు గుద్దుకుంటూ పరుగెత్తడం చూస్తుంటే, డాక్టరుగా పనిచేసి రిటైరైన నాకు, అంతకుముందు ఎడ్మంటన్‌లో కాలేజీ జట్టుకి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన రోజులు గుర్తొచ్చాయి. మన తెలుగువాళ్లకి ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే. ఇక్కడ ఫుట్‌బాల్ అనేది కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట, అందులో ఎవరు ఎటు వెళ్లాలో చెప్పి బంతి విసిరేవాడే క్వార్టర్‌బ్యాక్.

చిన్నప్పుడే అమ్మానాన్నలతో గుంటూరు నుంచి వచ్చినవాణ్ణి. బంతి విసరడం చేతనయ్యాకే బళ్లో నాతో మాట్లాడేవాళ్లు దొరికారు. నాన్నగారు నేను ఇంజనీరునవుతానని అందరికీ చెప్పుకునేవారు. అమ్మకి ఆ ఆటంటేనే భయం, అయినా నా కాలేజీ చివరి సంవత్సరంలో, చలి కొరికేస్తున్న ఒక మధ్యాహ్నం, చీర మీద నాన్నగారి కోటు వేసుకుని మొదటిసారి చూడడానికి వచ్చింది.

ఆ రోజే, నేను ఎత్తుగా విసిరిన బంతి కోసం ఎగిరిన నా స్నేహితుణ్ణి ఇద్దరు ఒకేసారి గుద్దడంతో, అతను మెడ మీద పడి కదలకుండా ఉండిపోయాడు. పరుగెత్తుకొచ్చిన మా జట్టు డాక్టరమ్మ నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, అతని తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని మాట్లాడిస్తూనే ఉండమంది. కాళ్లు ఉన్నట్టే తెలియడం లేదని అతను గొణిగాడు. ఏం చెప్పాలో తోచక అమ్మ చేసే గారెల గురించి చెబుతున్నాను. ఇంతలో, ఎవరు ఆపినా వినకుండా అమ్మ లోపలికి వచ్చి, కోటు విప్పి అతని కాళ్ల మీద కప్పి మంచులోనే కూర్చుంది.

“తల నువ్వు చూసుకోరా, కాళ్ల దగ్గర నేనుంటా,” అంది.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో అతని కాలివేళ్లు కదిలాయని డాక్టరమ్మ చెప్పినప్పుడు, అమ్మ ఆవిణ్ణి వాటేసుకుని తెలుగులో ఏదేదో చెప్పింది, ఆవిడ అంతా అర్థమైనట్టే తల ఊపింది. మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చిన నాన్నగారితో, మెడిసిన్‌కి అప్లై చేస్తానని కారులోనే చెప్పాను.

“మరి ఆట?” అని మాత్రం అడిగారు. అది నాకెంత ముఖ్యమో ఆయనకి తెలుసునని నాకు అప్పుడే తెలిసింది.

స్నేహితుడు మళ్లీ ఆడలేదు గానీ, చేతికర్రతో నడిచి నా పెళ్లికి వచ్చాడు.

తర్వాత ఎన్నో శనివారాలు ఇలాంటి ఆటలకి నేనే డాక్టరుగా వెళ్లాను. ఇప్పుడు మైదానం పక్కనే అంబులెన్సు ఉంటోంది, దెబ్బ తగిలిన పిల్లవాడి దగ్గరికి ఇంట్లోవాళ్లని రానివ్వరు. అది సరైన నియమమే; ఎందరో తల్లులకి నచ్చజెప్పి వెనక్కి పంపాను, వాళ్లూ పాపం కన్నీళ్లతో నా మాట విన్నారు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఉండి ఉంటే, తను మాత్రం వినేది కాదు.